నేలను కొట్టిన చేతులు

మా అమ్మాయి పడాలి. నేను అడిగింది అంతే. ఆ మాటకి మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు, పక్కింటివాళ్లు చెవులు కొరుక్కున్నారు, మా ఆయన పనిచేసే కంపెనీ యజమాని అయితే "ఈమధ్య సరిగా నిద్రపడుతోందా అమ్మా మీకు?" అని ఎంతో సౌమ్యంగా అడిగాడు. కన్నతల్లి తన కూతురు పడాలని కోరుకుంటుందా? కోరుకుంటుంది. నేను కోరుకున్నాను. ఇప్పుడు మళ్లీ అడిగినా అదే చెబుతాను.

కాకినాడలో మా ఇంటి నేల అందరి ఇళ్లలో ఉండే నేల కాదు. దాని పేరు ఒడి. మా ఆయన మురారి, ధనుంజయ గారి ప్రయోగశాలలో ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసింది. పైకి చూస్తే మెత్తటి చాప పరిచినట్టు ఉంటుంది. లోపల గోరంత గాలి అరలు కిక్కిరిసి ఉంటాయి. పసిపిల్ల అడుగు తడబడిందంటే మన కంటికంటే ముందు ఆ నేలకి తెలుస్తుంది. పడబోయేచోట అరలు ఉబ్బి, బిడ్డను అందుకుని మెల్లగా కిందికి దించుతాయి. ఒక ఇంట్లో నేల నేర్చుకున్నది మర్నాటికల్లా ఒడి పరిచిన ప్రతి ఇంట్లోనూ నేలకి తెలిసిపోతుంది. గోడకి ఒక చిన్న దీపం ఉంటుంది. ఆకుపచ్చగా వెలిగితే అంతా క్షేమం, పసుపైతే జాగ్రత్త, ఎర్రబడిందంటే బిడ్డకు గట్టి దెబ్బ తగిలిందని అర్థం.

మురారికి ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. అతనికి చంటి అని ఒక తమ్ముడు ఉండేవాడట. నడక వచ్చిన కొత్తలో వంటింటి గడప తట్టుకుని రోటి మీద పడ్డాడు. దెబ్బ తలకి తగిలింది. బతకలేదు. మా అత్తగారు వరహాలమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తరు. కానీ ఏ పిల్ల ఎక్కడ తూలినా ముందు పరిగెత్తేది ఆవిడే. బిడ్డను చంకనేసుకుని, పడినచోట నేలని అరచేత్తో ఫెళ్లుమని ఒక్కటిస్తారు. "మా అమ్మని కొడతావా? హన్నా! ఇంకోసారి కొట్టావంటే నీ పని చెబుతాను" అంటారు. పిల్ల ఏడుపు మానేసి నవ్వుతుంది. ఇది మన ఇళ్లలో అందరూ చేసేదే. మా అమ్మ చేసింది, మా అమ్మమ్మ చేసింది. కాకపోతే వాళ్లు ఆటకి కొట్టేవారు. మా అత్తగారు నిజంగా కొడతారు.

మా మైథిలి మొదటి అడుగులు తునిలో వేసింది, మా పుట్టింట్లో, గచ్చు నేల మీద. మా నాన్న కుర్చీ పట్టుకుని నిలబడి, దాన్ని వదిలేసి, చేతులు రెండూ గాల్లో పెట్టుకుని నా మోకాళ్ల దాకా వచ్చి పడింది. అప్పటికి దానికి ఏడాది కూడా నిండలేదు. నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. కూర్చోవడం, నడవడం ఆలస్యమైన పిల్లలకి ఆటలతో దారి చూపించడమే నా పని. ఎంతమంది పిల్లల తొలి అడుగులు చూశానో, అయినా ఆ రోజు ఇల్లెక్కి అరిచాను.

కాకినాడ రాగానే మా అత్తగారు అరిసెలు వండారు. అడుగులేసిన పిల్లను అరిసెల మీద నడిపించి, ఇరుగుపొరుగుకి పంచిపెట్టాలి కదా. హాల్లో కొత్త పంచె పరిచి దాని మీద అరిసెలు వరసగా పేర్చారు. పట్టులంగా కట్టిన మైథిలిని ఈ చివర నిలబెట్టాను. అది ఒక కాలు ముందుకు వేసింది. కాలి కింద నేల మెత్తగా దిగింది. పిల్ల కిందికి చూసుకుంది, నా మొహం చూసింది, కూర్చుండిపోయింది. కూర్చుని అరిసె తుంచి నోట్లో పెట్టుకుంది.

"నడక కన్నా తిండే ముద్దులెండి మా మనవరాలికి" అన్నారు అత్తగారు. అందరం పగలబడి నవ్వాం. నేను కూడా నవ్వాను.

ఆ తర్వాత మైథిలి లేవలేదు. పుట్టినరోజు వెళ్లింది, ఎండాకాలం వెళ్లింది, వానలు మొదలయ్యాయి. హాలు మధ్యలో కూర్చుని, అందినంత మేర ఆడుకుని, అందనిదాన్ని చూసి ఊరుకునేది. ఎముకలు బాగున్నాయన్నారు డాక్టర్లు. నరాలూ బాగున్నాయన్నారు. "కొంతమంది పిల్లలు బద్ధకంగా ఉంటారమ్మా" అని ఒకాయన అన్నాడు. నా కూతురు బద్ధకస్తురాలట! ఆయన్ని ఏమీ అనకుండా బయటికి వచ్చినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

ఒకరోజు దాన్ని నా సెంటర్‌కి తీసుకెళ్లాను. అక్కడ మామూలు నేల. ప్లాస్టిక్ స్టూలు పట్టించి నిలబెట్టాను. నిలబడింది! కాళ్లలో బలం ఉంది. చప్పట్లు కొట్టబోతుండగా స్టూలు జారింది. మైథిలి ముందుకి వాలి, దుంగ పడినట్టు పడిపోయింది. గడ్డం నేలకి కొట్టుకుని చిట్లింది.

నెత్తురు చూసి భయపడ్డాను, కాదనను. కానీ నన్ను నిలువునా వణికించింది నెత్తురు కాదు. దాని చేతులు ముందుకి రాలేదు. పడేటప్పుడు చేతులు చాచడం పిల్లలకి ఎవరూ నేర్పరు, వయసొచ్చేసరికి అదే వస్తుంది. వచ్చినదాన్ని వాడుకుంటూ ఉండాలి, అంతే. నా కూతురు చేతులు పక్కన వేలాడుతూనే ఉన్నాయి. నేల వచ్చి ఎత్తుకుంటుందని ఎదురుచూసింది పిచ్చితల్లి.

కుట్లు వేయించి ఇంటికి తెచ్చేసరికి మా అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు.

"చూశావా అమ్మాయ్? ఒడి లేనిచోటికి తీసుకెళ్లి పిల్ల గడ్డం పగలగొట్టుకొచ్చావ్."

"దాని చేతులు ముందుకి రాలేదత్తయ్యా."

"పిల్లకి నెత్తురు కారి కుట్లు పడితే చేతులంటావేంటే నువ్వు!"

ఆ వారంలోనే ఒడి ఉన్న ఇళ్ల నుంచి మరో ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని నా దగ్గరికి తెచ్చారు. వాళ్లూ లేవడం మానేశారు. వాళ్ల చేతులూ ముందుకి రావడం లేదు. అప్పుడిక నాకు అనుమానం లేదు. జబ్బు పిల్లలది కాదు, నేలది. ఏం జబ్బో మాత్రం తెలియలేదు.

తెలిసింది ఒక ముసురు మధ్యాహ్నం. హాల్లో మైథిలికి ఎదురుగా స్టీలు గ్లాసులు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాను. దానికి గోపురం పడగొట్టడమంటే మహా సరదా. కావాలనే ఎత్తు పెంచుకుంటూ పోయాను. చేయి అందలేదు. మూలిగింది, నన్ను తిట్టింది దాని భాషలో. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పైకి లేవబోయింది. కింద నేల మెత్తబడింది. దీపం పసుపు రంగుకి తిరిగింది. పిల్ల చతికిలబడింది. దెబ్బా లేదు, ఏమీ లేదు. దీపం మళ్లీ ఆకుపచ్చకి రాబోతోంది.

ఈలోగా వంటింట్లోంచి శనగపిండి చేతులతో అత్తగారు పరిగెత్తుకొచ్చారు. "మా అమ్మని పడేస్తావా? హన్నా!" అని నేలని ఫెళ్లున కొట్టారు.

దీపం ఎర్రబడింది. ఆ ఒక్కచోటే కాదు, హాలంతా నేల దిగిపోయింది. నా మోకాళ్లు కూడా లోపలికి పోయాయి.

ఆవిడ వెళ్లాక నేను ఊరికే నేలని కొట్టి చూశాను. దీపం కదల్లేదు. మైథిలిని కొంచెం ఎత్తి, పిరుదుల మీద దభీమని కూర్చోబెట్టాను. పసుపు, మళ్లీ ఆకుపచ్చ. ఈసారి కూర్చోబెట్టిన వెంటనే నేలని ఒక్కటిచ్చాను. ఎరుపు! మళ్లీ చేశాను, మళ్లీ ఎరుపు. పిల్ల ఇదేదో కొత్త ఆట అనుకుని కిలకిలా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం మురారి చెప్పులు విప్పకముందే అదంతా చేసి చూపించాను. అతని మొహంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు.

"రెండో దెబ్బ" అన్నాడు.

"అంటే?"

"పిల్లలు పడితే ముందు నడుం తగులుతుంది. వెంటనే తల కూడా తగిలితే అదే ప్రమాదం. మొదటిది చిన్న దెబ్బ, ఆ వెంటనే పెద్ద దెబ్బ. అలా వస్తే తల పగిలిందని నేలకి నేర్పాం."

"దేన్ని పడేసి నేర్పారు?"

"బొమ్మల్ని. బిడ్డ బరువుండే బొమ్మలు."

"ఆ బొమ్మ పడ్డప్పుడు ఎవరైనా వచ్చి నేలని కొట్టారా?"

"బొమ్మ కోసం ఎవరు కొడతారు హైమా?" అని, తన మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయాడు.

అదీ సంగతి. మనవాళ్లే తయారుచేశారు, మనవాళ్లే పరుచుకున్నారు, మన ఇంట్లో పిల్ల పడితే ఏం జరుగుతుందో మాత్రం ఒక్కడికీ గుర్తు రాలేదు. పిల్లలు పడుతున్నారు, నాయనమ్మలు నేలని కొడుతున్నారు, ప్రతి దెబ్బా నేల లెక్కలో ఒక పగిలిన తల. ఆ లెక్కన మా ఊళ్లో పిల్లలందరికీ రోజూ తలలు పగులుతున్నాయి. నేల హడలిపోయింది. పిల్ల లేస్తే చాలు, కింద మెత్తబడిపోతోంది. బురదలో నిలబడి నడక నేర్చుకోమంటే ఎవరు నేర్చుకుంటారు?

వెనకాల అలికిడైంది. మా అత్తగారు వంటింటి గడప దగ్గర నిలబడి అంతా విన్నారు.

"అయితే నా చెయ్యేనేంట్రా పిల్లని కూలేసింది?" అన్నారు కొడుకుతో.

మురారి తలదించుకున్నాడు. నేనే చెప్పాను. "మీ చెయ్యి కాదత్తయ్యా. మీ చెయ్యంటే ఏంటో తెలియని నేల."

ఆవిడ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ పూట అన్నం దగ్గరికి రాలేదు.

మర్నాడు నేనూ మురారీ ధనుంజయ గారి దగ్గరికి వెళ్లాం. వచ్చే సోమవారం జిల్లాలో పిల్లల కేంద్రాలన్నిటికీ ఒడి ఇవ్వబోతున్నారు. ప్రయోగశాలలోనే పెద్ద సభ. గోడ నిండా మా మైథిలి పోస్టర్, కింద "ఒక్క దెబ్బా ఎరగని బిడ్డ" అన్న అక్షరాలు. ఆయన చెడ్డవాడని నేను అనను. మురారి చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"నేల కాస్త ఎక్కువ జాగ్రత్త పడుతోంది, అంతేగా? దానివల్ల నష్టమేంటండీ?"

"పిల్లలు నడవడం లేదండీ" అన్నాను.

"ఎప్పుడో ఒకప్పుడు నడుస్తారమ్మా. నడక ఆలస్యమైతే ఎవరూ చచ్చిపోరు. పడితే చచ్చిపోతారు. ఆ సంగతి మురారి గారికి మనం చెప్పాలా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"సరే, నేల నేర్చుకున్నదాన్ని మరిపించడం ఎలా?" అని మా ఆయన్నే అడిగాను.

"తుడిచేస్తే మళ్లీ ఇదే నేర్చుకుంటుంది" అన్నాడు నెమ్మదిగా. "పిల్లలు నిజంగా పడాలి. పడ్డాక ఎవరూ నేలని కొట్టకూడదు. పడినా ఏమీ కాదని దానికి తెలియాలి. కొన్నాళ్లు అలా జరగాలి, చాలా ఇళ్లలో."

"అంటే పిల్లల్ని పడనివ్వండని నేను తల్లులకి చెప్పాలా? ఒడి అమ్ముకునేవాడు చెప్పే మాటేనా అది?" అన్నాడు ధనుంజయ గారు.

"మీరు చెప్పక్కర్లేదు. మా అమ్మాయి పడాలి, నాకు కావలసింది అంతే" అన్నాను. ఆయన నా నిద్ర గురించి అడిగింది అప్పుడే. తర్వాత ఇంకో సలహా కూడా ఇచ్చాడు. సోమవారం పిల్లను తీసుకొచ్చేటప్పుడు గడ్డం మీద దిష్టిచుక్క కాస్త పెద్దది పెడితే కుట్లు కనపడవట!

"తప్పకుండా తీసుకొస్తానండీ" అన్నాను. దిష్టిచుక్క సంగతి మాత్రం మాటివ్వలేదు.

ఇంటికి వస్తూ దారిలో మురారి బండి ఆపేశాడు. "నాకు భయంగా ఉంది హైమా. చంటి పడ్డప్పుడు నేను అక్కడే ఉన్నాను" అన్నాడు.

"చంటిని చంపింది పడడం కాదు మురారీ, రోలు. నడక నేర్చుకునే పిల్ల ఉన్న ఇంట్లో రోలు పక్కకి జరపాలి, బల్లల మూలలకి గుడ్డ చుట్టాలి, మెట్లకి అడ్డు పెట్టాలి, బాత్రూమ్‌లో బకెట్ బోర్లించాలి. పెద్దవాళ్ల పని అది. మిగతా నేలంతా పిల్లది. పడనీ, లేవనీ, మళ్లీ పడనీ. నువ్వు రోలుతో పాటు నేల కూడా తీసేశావు."

"నన్నేం చేయమంటావ్?" అన్నాడు మురారి.

"సోమవారం అరల్లో గాలి ఆడకుండా ఆపెయ్. నేల పిల్లని గమనించి నేర్చుకోవడం మాత్రం ఆపకు."

సోమవారం ప్రయోగశాల హాలు కిటకిటలాడింది. మధ్యలో ఒడి పరిచి, ఒక చిన్న ఇల్లులాగా కట్టారు. గుమ్మం, పసుపు రాసిన గడప, గోడకి దీపం. చుట్టూ కేంద్రాల్లో పనిచేసే టీచర్లు, ఆయాలు, తల్లులు, మనవల్ని ఒళ్లో పెట్టుకున్న నాయనమ్మలు. ధనుంజయ గారు మైకులో "ఇకమీదట మన జిల్లాలో ఏ బిడ్డా పడదు" అన్నాడు. చప్పట్లు మోగాయి. నాకు సైగ చేశాడు.

ముందు చుట్టూ చూసుకున్నాను. గట్టి వస్తువేదీ దగ్గర్లో లేదు. గుమ్మం చెక్కకి అంచులు గుండ్రంగా చెక్కి ఉన్నాయి. మైథిలిని గడపకి ఇవతల దింపాను. దాని గడ్డం మీద కుట్ల గీత అందరికీ కనిపిస్తూనే ఉంది. మురారి వైపు చూశాను. అతని చెయ్యి గాలి ఆపే మీట మీద కాసేపు ఆగింది. తర్వాత నొక్కాడు. నా అరికాళ్ల కింద నేల గట్టిపడింది.

మైథిలి మడమతో నేలని తట్టింది. నేల దిగలేదు. మళ్లీ తట్టింది. నా మొహంలోకి చూసింది. తర్వాత గుమ్మం చెక్క పట్టుకుని, మోకాళ్లు వణుకుతుండగా లేచి నిలబడింది. నిలబడి చెక్క వదిలేసింది. వదలగానే పక్కకి కూలబడింది.

దెబ్బ చిన్నదే, ఏడుపు మాత్రం హాలంతా వినపడింది. దీపం పసుపు రంగుకి తిరిగింది. అందరి చూపూ దాని మీదే. నా చున్నీ తీసి దీపం మీద కప్పేశాను.

"దాన్ని కాదు, పిల్లని చూడండి! ఎవరూ నేలని కొట్టొద్దు!" అని అరిచాను.

"మురారీ, గాలి వదలండి! గాలి!" అంటున్నాడు ధనుంజయ గారు.

మురారి మీటకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వదలనండీ" అన్నాడు. అతన్ని నేను పెళ్లి చేసుకున్నందుకు అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు.

కానీ అప్పటికే మా అత్తగారు లేచి వచ్చేశారు. పిల్ల పక్కన వంగారు. చెయ్యి పైకి లేచింది. గాల్లోనే ఆగింది.

"నా వల్ల కాదే హైమా" అన్నారు.

"అవుతుందత్తయ్యా."

ఎంతసేపు అలా ఉందో ఆ చెయ్యి. మెల్లగా కిందికి దిగింది. చప్పుడు లేకుండా నేల మీద ఆనింది. "ఈసారికి నిన్నేం అననులే" అన్నారు ఆవిడ, నేలతో. ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

మైథిలి ఏడుపు మధ్యలో ఆపి నాయనమ్మ చేతికేసి చూసింది. ఎదురుచూసింది. దెబ్బ పడలేదు. పెద్ద అన్యాయం జరిగిపోయినట్టు మొహం పెట్టి, ఇక తప్పదన్నట్టు తనే వంగి రెండు అరచేతులతో నేలని చరిచింది. "అన్నా!" అంది. హాల్లో ఎవరో పకాలున నవ్వారు.

చరిచిన చేతులు నేల మీదే ఉన్నాయి. కింద నేల గట్టిగా ఉంది. చేతుల మీద బరువు వేసి పిరుదులు పైకి లేపింది. ఒక కాలు సర్దుకుంది, రెండోది సర్దుకుంది. ఏ ఆసరా లేకుండా నిటారుగా నిలబడింది. అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. గడప కాలికి తగిలి అవతలకి పడింది.

ఈసారి చేతులు ముందుకి వచ్చాయి. గడ్డం కంటే ముందు రెండు అరచేతులూ టపటపమని నేలకి ఆనాయి. బోర్లా పడుకునే తల ఎత్తి మావైపు చూసింది. ఏడవలేదు.

"మీరు మా కష్టమంతా మట్టిపాలు చేశారు" అన్నాడు ధనుంజయ గారు, నా దగ్గరికి వచ్చి, పళ్లు బిగించి.

"ఇప్పుడే మొదలుపెట్టాం, అంతేనండీ" అన్నాను.

ముందు వరసలో ఒక నాయనమ్మ ఒళ్లోంచి మనవణ్ణి దించి ఒడి మీద కూర్చోబెట్టింది. తన చేతులు రెండూ చంకల్లో దాచుకుంది. ఆవిడ పక్కావిడ కూడా మనవరాల్ని దించింది. పోస్టర్‌లో ఉన్న మైథిలి వాళ్లని చూసి నవ్వుతూనే ఉంది.

గడప అవతల అసలు మైథిలి మళ్లీ లేచింది. తూలింది. ఇంత గొడవ చేసి, ఇంతమందితో వాదించి, ఆ క్షణంలో నాకు తెలియకుండానే నా చేతులు దాన్ని అందుకోవడానికి ముందుకి వెళ్లిపోయాయి. ఎవరో నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపారు. ఆ చేతికి శనగపిండి వాసన.

"పడనీ" అన్నారు మా అత్తగారు.